మావేలి కొలత: ఓణపు పండుగ చారిత్రకస్వరూపము



ఈ సభ సురవరం ప్రతాపరెడ్డిగారి పుణ్యస్మృతికి అంకితము. రాజుల దండయాత్రలకును వంశావళులకును దాసోహమనుచుండిన చరిత్రరచనను ప్రజల వాకిళ్ళలోనికి, వంటయిండ్లలోనికి, కళ్ళములలోనికి మరలించి, మనవారు ఏమి తినిరి, ఏమి కట్టిరి, ఏ యాటల నాడిరి, ఏ పండుగ నెట్లు చేసిరి యను ప్రశ్నలకు కావ్యములనుండియు శాసనములనుండియు సామెతలనుండియు సమాధానముల నేరికూర్చి, 1949లో 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'గా లోకమున కర్పించిన మహనీయుడాయన. పండుగలపై ప్రత్యేకముగా గ్రంథమే రచించిన యా పరిశోధకుని పేరిట జరుగు సభలో, మన పొరుగుననున్న మలయాళుల ఓణమునుగూర్చి నాలుగు మాటలు చెప్పుట అప్రస్తుతము కాదని నమ్మి యీ విషయము నెంచుకొంటిని.

తెలుగువారికి బలిచక్రవర్తి క్రొత్తవాడు కాడు. పోతన భాగవతము అష్టమస్కంధములోని వామనచరిత్ర నక్షరాస్యులేకాక నిరక్షరాస్యులును నోటికి నేర్చిన దేశము మనది. గురువు వలదనినను, వచ్చినవాడు విష్ణువని యెఱిగియు, ఇచ్చిన మాటకు కట్టుపడి మూడడుగుల నేల ధారవోసిన దానవీరుడుగా బలిని మనము ఆరాధించితిమి. అయితే మన బలి కథ సుతలమున ముగియును. అతని దానము మనకు ముఖ్యము, దాత గొప్పతనము ముఖ్యము, ఆ దానమును గ్రహించిన భగవంతుని లీల ముఖ్యము. ఆ రాజు పాలించిన ప్రజలు ఏమైరి? తమ ప్రభువు పాతాళమునకు పోయిన పిదప వారి దినము లెట్లు గడిచెను? ఈ ప్రశ్న మన పౌరాణికులకు తోచలేదు. మలయాళుల కథ సరిగా నక్కడనే యారంభమగుచున్నది. ఏటి కొక్క మారు తన ప్రజలను చూచిపోవుటకు వరముపొందిన రాజు ఓణపు ముఖ్యదినమగు తిరువోణమునాడు ఇల్లిల్లు తిరుగుననియు, తన బిడ్డలు కడుపునిండ తినుచున్నారా, క్రొత్తబట్ట కట్టిరా, కలసిమెలసి యున్నారా యని కనుగొని పోవుననియు వారి నమ్మకము. అతనిని వారు మహాబలి యనుటకంటె మావేలి యనుటయే మిక్కుటము.

ఓణము పంటల పండుగ యని యందఱు చెప్పుదురు. ఆ మాట నిజము. పంట యనగా ధాన్యము ఇల్లు చేరుట మాత్రమే కాదు. ధాన్యమును కొలుచుట, పంచుట, ఎవరి పాలెంతయో తేల్చుట కూడ పంటలోని భాగమే. ఓణమును చిరకాలము బ్రతికించినది ఈ పంపకమునుగూర్చిన స్మృతియే యనియు, మావేలి యన్యాయపుకొలత లేని కాలమునకు ప్రజలు పెట్టుకొన్న పేరనియు నా యభిప్రాయము. దీనిని కొంత వివరింతును.

ముందు ఋతువునుగూర్చి చెప్పవలెను. మలయాళుల కొల్లవర్షము క్రీస్తుశకము 825లో నారంభమైనది. దాని మొదటినెల చింగము, అనగా మన శ్రావణభాద్రపదముల కాలము. దానికి ముందుది కర్కిటకము. నైరృతిఋతుపవనము దేశమును ముంచివేయు నెల యది. ఇంట నిలువ ధాన్యమడుగంటును, కూలివానికి పని దొరకదు, వ్యాధులు ప్రబలును. ఆ నెలను పఞ్ఞకర్కిటకమని, అనగా కఱవు కర్కిటకమని, భయముతో చెప్పుకొనుట వారి వాడుక. మలయాళకవి ఎళుత్తచ్ఛన్ రచించిన అధ్యాత్మరామాయణమును దీపముముందు సాయంకాలములందు పారాయణము చేయుచు, ఔషధములు వేసిన గంజి త్రాగుచు, ఆ నెలను గడపుదురు. వాన వెలిసి ఎండ పొడసూపునప్పటికి విరిప్పు పంట వెన్నువేసి కోతకు వచ్చును. తొలివెన్నులను కోసి తెచ్చి దేవాలయములందును ఇండ్లయందును వ్రేలాడగట్టు నిఱ యను నాచారము ఈ సంధికాలమునదే. నెలరోజుల యాకలికి ఎదురుగా ఒక్క భోజనదినము నిలువబడినప్పుడు దాని విలువ ఎట్టిదో, ఏడాది పొడుగునను అంగడి తెఱచియుండు కాలమున పుట్టిన మనము ప్రయత్నపూర్వకముగా నూహించుకొనవలసినదే. కాణమును, అనగా భూమిపైని కౌలుహక్కును, అమ్ముకొనియైనను ఓణపు భోజనము చేయవలెనని మలయాళులకొక సామెత గలదు. దానిని దుబారాకు సమర్థనముగా తీసికొనువారు కర్కిటకమును మఱచిన వారే.

ఈ పండుగ ప్రాచీనత నిర్వివాదము. తమిళుల ప్రాచీన సంఘసాహిత్యములో పాండ్యరాజగు నెడుంజెళియనుని కీర్తించు మదురైక్కాంచి యను కావ్యమున మాంగుడి మరుదనార్ మధురానగరమందలి ఓణదినోత్సవమును వర్ణించెను. పెరియాళ్వారు తన పాశురములలో తిరువోణమును స్మరించెను. ఓణమనగా శ్రవణము; శ్రవణము విష్ణునక్షత్రము గనుక ఆనాటి ఓణము మాయోనుని, అనగా విష్ణువుని, పండుగ. మదురైక్కాంచి యా దేవుని అసురసమూహముల జయించినవానిగా స్తుతించుచున్నదే కాని, అచ్చట మావేలి పేరు లేదు, తిరిగివచ్చు రాజు లేడు. జయించినవాని పండుగ కాలక్రమమున పశ్చిమకనుమల కావలివైపున ఓడినవాని పండుగగా మాఱినది. దేవుని మహిమను కొనియాడిన దినమున దేవునిచే అణగద్రొక్కబడిన రాజునకు స్వాగతము పలుకుట యెట్లు సంభవించెనో చెప్పగల శాసన మొక్కటియు నాకు కనబడలేదు. ఇట్టి మార్పును రాజాజ్ఞ తేజాలదు, పండితుని వ్యాఖ్యానమును తేజాలదు. పొలములలో పనిచేయుచు పాటలు పాడుకొన్న వారే దానిని తెచ్చియుందురు.

భాగవతము ప్రకారము బలి యజ్ఞము జరిగినది నర్మద యుత్తరతీరమున, భృగుకచ్ఛమున. మలయాళులు దానిని తమ నేలకు తెచ్చుకొని, నేటి ఎఱణాకుళము చెంతనున్న తృక్కాకరలో ప్రతిష్ఠించుకొనిరి. వామనమూర్తి ప్రధానదైవముగా నున్న యా ఆలయమున కేరళము నేలిన పెరుమాళ్ళ కాలమందు సామంతులందఱు సమావేశమై ఓణము జరుపుచుండిరని ఐతిహ్యము. అంత దూరము పోలేనివారు తమ వాకిటనే తృక్కాకరయప్పనను మట్టిబొమ్మను నిలుపుకొనుట కది కారణమని పెద్దలు చెప్పుదురు. బలి పునరాగమనము కేరళమున కొక్కదానికే పరిమితము కాదు. కన్నడ, మహారాష్ట్ర దేశములందు దీపావళి మఱునాటి బలిపాడ్యమినాడు బలి రాజ్యము తిరిగి రావలెనని కోరుకొను వాడుక నేటికిని కలదు. 1873లో 'గులామ్‌గిరి' యను గ్రంథమును ప్రకటించిన మహారాష్ట్ర సంస్కర్త జోతిరావు ఫూలే ఆ బలిరాజును కర్షకుల రాజుగా, వామనుని దురాక్రమణకు ప్రతీకగా గ్రహించి, పురాణమును తలక్రిందులుగా చదివెను. దక్కను రైతుకును మలయాళ రైతుకును ఒకే రాజు జ్ఞాపకము వచ్చుట యాదృచ్ఛికమని నేననుకొనజాలను.

అత్తము, అనగా హస్తానక్షత్రము, మొదలు తిరువోణమువఱకు పదిదినముల యాచారములను క్రమముగా వర్ణించుట నా యుద్దేశము కాదు. అత్తమునాడు తృప్పూణిత్తుఱలో కొచ్చి రాజుల ఊరేగింపునకు వారసత్వముగా నేటికిని జరుగు అత్తచ్చమయము, ఆరన్ముళలో పంపానదిపై పాటలకు అనుగుణముగా తెడ్లు వేయుచు సాగు పళ్ళియోడములు, తిరువోణము పిదప వచ్చు నాలుగవ యోణమునాడు త్రిశ్శూరు వీథులలో పులివేషములు, ఉత్తరమలబారున నోరు మెదపక గంట మ్రోగించుచు ఇల్లిల్లు తిరుగు ఓణప్పొట్టన్, ఊయెలలు, కైకొట్టికళి, ఇవి యన్నియు పత్రికలలో చిత్రములుగా చూచినవే. నేను నిలిచి చూడవలసినది వాకిటి మట్టిబొమ్మను. బంకమట్టిని మెదిపి, నాలుగు పలకలుగా వాలి పైన కొనదేరునట్లు తీర్చి, నీడన ఆరనిచ్చి, పేడతో అలికిన వాకిట పీటపై నిలుపుదురు. బియ్యపుపిండిని నీళ్ళలో కలిపి, ఆ బొమ్మపైనను నేలపైనను చేతివ్రేళ్ళతో జార్చి తెల్లని చారలు దించుదురు. దానికి అలంకారము తుంబ పూవు. మన పొలముగట్లపై ఎవరును నాటకయే పెరుగు తుమ్మిపూవే యది. వెలలేనిది, కొనవలసిన యవసరము లేనిది, పిల్లలు తెల్లవారుజామున గట్లవెంట తిరిగి ఏరి తెచ్చునది. నివేదన యరటియాకులో ఉడికించిన అడ. ఆ బొమ్మ వామనుడని కొందఱు, మావేలి యని కొందఱు, ఇద్దఱును అని మఱికొందఱు చెప్పుదురు. త్రొక్కినవానికిని త్రొక్కబడినవానికిని ఒకే పీట, ఒకే పూవు, ఒకే అడ. ఈ రాజీని తర్కశాస్త్రము హర్షింపదు. ఆ యింటి యిల్లాలికి దానిలో చిక్కేమియు కనబడదు.

భోజనమునుగూర్చి యొక్క మాట. కొన యెడమవైపునకు వచ్చునట్లు పఱచిన యరటియాకుపై ఉప్పేరి, శర్కరవరట్టి, ఇంజిప్పుళి మొదలుకొని అవియల్, ఓలన్, కాళన్, ఎరిశ్శేరి, పప్పు, సాంబారు, పాయసములవఱకు వడ్డన యగును. వారి గృహములలో ఆనాడు ముఖ్యము వంటకముల సంఖ్య కాదు, ఆ వరుసలో కూర్చున్నవారు. ఆరన్ముళకు తిరువోణపు తెల్లవారుజామున కాట్టూరునుండి విందుసామగ్రితో దీపము వెలిగించుకొని వచ్చు తిరువోణత్తోణి యను పడవ వెనుక మంగాట్టు భట్టతిరి కథ కలదు. ప్రతితిరువోణమునకు ఒక యతిథికి అన్నము పెట్టి కాని తినని యా గృహస్థునకు ఒక యేడు అతిథి దొరకకపోగా, స్వయముగా దేవుడే వచ్చి తిని పోయెనని వారి నమ్మకము. ఓణమునాడు వచ్చువాడు రాజైనను దేవుడైనను, అన్నము తినుటకే వచ్చును.

ఇక నా ప్రధానవిషయమునకు వచ్చుచున్నాను. మలయాళదేశమున ధాన్యమును కొలుచుటకు నాళి, ఇడంగళి, పఱ యను కొలపాత్రలుండెడివి. పండుగలందును పెండ్లిళ్ళందును పఱ నిండ వడ్లుపోసి, పైన కొబ్బరిపూగుత్తి నిలిపి, ప్రక్కన దీపము వెలిగించి యుంచిన నిఱపఱ వారి మంగళచిహ్నము. ఆ పఱయే కళ్ళమున కూలియు కౌలును నిర్ణయించు పాత్ర. ఓణపుపాటలలో ఇంటింట వినబడు పాట మావేలి రాజ్యమును వర్ణించునప్పుడు సువర్ణగోపురములను చెప్పలేదు, రథములను చెప్పలేదు. మనుష్యులందఱు సమానులై యుండిరని, కల్లయు వంచనయు లేకుండెనని, దొంగకొలతలు లేకుండెనని చెప్పినది. దొంగకొలతను స్వర్ణయుగవర్ణనలో తలచుకొను కవి ఎవడు? తన ధాన్యము తన కన్నులయెదుట పెద్ద పాత్రతో కొలువబడుట చూచినవాడు.

ఇది నా యూహ మాత్రము కాదు. ఇరువదవ శతాబ్ది మలబారులో భూస్వామి, అనగా జన్మి, తన రైతునొద్ద పాట్టము, అనగా కౌలు, వసూలు చేయునప్పుడు వాశి యనియు నురి యనియు అదనపు ధాన్యము తీసికొనుచుండెను. కొలపాత్రలలోని తేడాను పూడ్చుటకు పుట్టిన వసూలు వాశి. తిరువోణమునకు ముందు నేంద్రపు అరటిగెలలను, కూరగాయలను జన్మి యింటికి తెచ్చి సమర్పించు కాళ్చ మఱియొక యాచారము. కారణవరు, అనగా ఇంటిపెద్ద, తనవారికిని, జన్మి తన రైతులకును ఓణక్కోడి, అనగా క్రొత్తబట్ట, ఇచ్చుట దానికి ప్రతియాచారము. దూరమునుండి చూచువారికి ఇది యనురాగముతో నిండిన పరస్పరసత్కారముగా కనబడును. కొందఱి యిండ్లలో నట్లే యుండియుండును కూడ. అయితే 1935 తర్వాత ఉత్తరమలబారున సంఘటితులైన కర్షకులు వాశిని నురిని నిరసించుచు అక్రమవసూళ్ళకు కూర్చిన జాబితాలో ఓణక్కాళ్చయు చేరియున్నది. మావేలి పాటను పాడినవారే మావేలి పండుగకు తాము ఇచ్చుచున్న కానుకను అన్యాయమని నిరాకరించిరి. ఒక పండుగ తన యాచారమును తానే ప్రశ్నించుట కింతకంటె స్పష్టమైన నిదర్శనమును నేనెఱుగను. మలబారు భూసంబంధముల కలతను 1881లో విచారణ జరిపిన విలియం లోగన్ మొదలుకొని 1930 నాటి మలబారు కౌలుదారీ చట్టమువఱకు ప్రభుత్వము నెమ్మదిగా చూచుచు వచ్చినది. అప్పటికి మలబారును ఆంధ్రజిల్లాలును ఒకే మదరాసు రాజధానిలో నుండెనని, ఆ చర్చలు జరిగిన శాసనసభలో మనవారును కూర్చుండిరని యీ సందర్భమున జ్ఞాపకముంచుకొనదగును.

ఓణము న్యాయమైన పంపకపు స్మృతియను నా సిద్ధాంతమునకు గంభీరమైన ఆక్షేపణ యొకటి కలదు. మనుష్యులందఱు సమానులని ఏటేట పాడిన దేశములోనే, అంటుటయే కాదు, కొన్ని యడుగుల దూరమునుండి కనబడుటయు మైలయని భావింపబడిన జనులుండిరి. వరి నాటిన పులయులను కులమువారు పొలముతోకూడ అమ్మబడుచుండిరి. తిరువాన్కూరులో బానిసత్వము శాసనరీత్యా రద్దయినది 1855లో. అట్టి సంఘమున ఆ పాట ఒట్టి పగటికల యని, దొరలు తమ యంతరాత్మను జోకొట్టుటకు పాడుకొన్న లాలిపాట యని యొకరు వాదింపవచ్చును. ఆ వాదమును నేను తేలికగా త్రోసివేయను. శతాబ్దులపాటు అది నిజమే కావచ్చును. అయినను కాలమువచ్చినప్పుడు ఆ పాట ఎవరి చేతికి పోయినదో చూడవలెను. 1907లో సాధుజన పరిపాలన సంఘమును స్థాపించిన పులయనాయకుడు అయ్యంకాళి, తమ బిడ్డలను బడిలో చేర్చుకొననిచో పొలములో అడుగు పెట్టబోమని వ్యవసాయకూలీలచేత పని మాన్పించి, జన్మిపొలములను బీళ్ళు చేసెను. వరి పండించు చేయి ఆగిన పంటల పండుగ ఏమగునో యా యేళ్ళలో ధనికులకు తెలిసివచ్చినది. 1917లో చెరాయిలో పులయులతో కలిసి పంక్తిభోజనము చేయించిన సహోదరన్ అయ్యప్పన్ ఓణపుపాటనే తీసికొని, జాతిభేదమును ఖండించు క్రొత్తచరణములతో దానిని తిరుగవ్రాసెను. లాలిపాటగా నున్నది దావాపత్రమైనది. తనను తప్పుపట్టుటకు తగిన మాటలను తన పండుగలోనే భద్రముగా దాచుకొన్న సంఘము, మాటలే లేని సంఘముకంటె అదృష్టవంతమైనదని నేను విశ్వసించుచున్నాను.

1956 నవంబరు 1న మలయాళభాషాప్రాంతములు కేరళరాష్ట్రముగా ఒక్కటైన పిదప, 1961లో ఓణము రాష్ట్రపు పండుగగా ప్రకటింపబడెను. హిందూపురాణమున పుట్టిన పండుగను క్రైస్తవ, మహమ్మదీయ గృహములును తమదిగా జరుపుకొనుట కది ప్రభుత్వముద్ర. అసలు కారణము వేఱు: వరిపొలము, వాన, ఆకలి, కొలపాత్ర మతభేదము నెఱుగవు. భూసంస్కరణచట్టపు సవరణ 1970 జనవరి 1న అమలులోనికి వచ్చి జన్మిసంప్రదాయమును ముగించినది. దానితో కాళ్చయు తన పాతయర్థమును కోల్పోయి, నేడు గురువాయూరున, తిరువోణమునకు ముందుదినమగు ఉత్రాడమునాడు, భక్తులు స్వామికి సమర్పించు గెలలలో మాత్రము పవిత్రముగా మిగిలియున్నది. జన్మికి నిలిచిపోయిన కానుక దేవునికి నిలువలేదు. 1974లో నెలకొన్న పౌరసరఫరాల సంస్థ సరసమైన ధరలకు బియ్యము, పప్పు, మిరపకాయలు అమ్ము దుకాణములకు మావేలి స్టోర్లని పేరు పెట్టినది. ఏ రాజ్యము దొంగకొలత లేనిదని పాటలో చెప్పబడెనో, ఆ రాజు పేరు తక్కెడ పైన వ్రాయబడినది. ఓణమునకు ముందు వారములలో ఆ దుకాణములముందు నిలిచిన వరుసలను చూచువానికి పండుగ ఇంకను సజీవమని వేఱుగా నిరూపింపనక్కఱలేదు.

అయితే పంటల పండుగకు పంట కొఱతపడుచున్నది. 1970 దశకము మధ్యభాగమున కేరళమున ఎనిమిది లక్షల హెక్టార్లకు పైగా నుండిన వరిపొలము, నేడు రెండు లక్షలకు సమీపముగా దిగిపోయినది. రబ్బరు, కొబ్బరి, ఇండ్లస్థలములు పొలమును మ్రింగినవి. గల్ఫుదేశముల సంపాదన మేడలను కట్టినది. వ్యవసాయకూలీ వెల పెరుగుట న్యాయమే, వరి గిట్టుబాటు కాకపోవుట నిజమే. మిగిలిన పొలమును కాపాడుటకు 2008లో ప్రత్యేకచట్టము చేయవలసివచ్చెను. పొలముగట్లు పోగా తుంబపూవు పోయినది. వాకిట వేయు పూలముగ్గగు పూక్కళమునకు బంతిపూలు తమిళదేశపు తోవాళనుండియు కన్నడదేశపు గుండ్లుపేటనుండియు లారీలలో దిగుచున్నవి. కుటుంబశ్రీ స్త్రీసంఘములు ఇటీవల కొన్నియూళ్ళలో పూలతోటలు వేసి యీ లోటును కొంత తీర్చుటకు పూనుకొన్నవి. అది హర్షింపదగిన ప్రయత్నము.

మఱి యా యాకుపైని యన్నము? చాల యిండ్లలో అది మన గోదావరి జిల్లాలనుండి పోయినది. 1968లో హైదరాబాదు రాజేంద్రనగరు కేంద్రముగా నడచిన అఖిలభారత వరి పరిశోధనపథకము విడుదలచేసిన జయ యను వంగడము మలయాళుల నాలుకకు ఎంత ప్రీతికరమైనదనగా, వారి యంగళ్ళలో ఆంధ్రబియ్యమునకు జయ యనునది మాఱుపేరైనది. కోనసీమ పరిసరములలో దాళ్వాకు వేయు బొండాలు అను వరిరకమును మన రైతులలో అనేకులు కేరళపు బేరమునే నమ్ముకొని పండించుచున్నారు. ఆ ధాన్యము కళ్ళము దాటకమునుపే కాటాపై నెక్కును. తేమ హెచ్చనియు, తాలున్నదనియు బస్తాకింతయని తరుగు తీయుదురు. ఆ తరుగు ఎంత న్యాయము, ఎంత యన్యాయము అని మిల్లు వాకిట రైతునకును కొనుగోలుదారునకును ప్రతికోతయందును తగవు జరుగుచునే యున్నది. తిరువోణపుటాకుపై వడ్డింపబడు నన్నమునకు కొలతయొక్క తొలి విచారణ ఇప్పుడు జరుగుచున్నది అచ్చటనే.